నయమయ్యాకే ఉద్యోగమా?

కిందటి ఏడాది షాబాన్ మాసంలో ఒక పెద్దాయన మా వద్దకు వచ్చారు. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది. అది ఆయన కుమారుడు రాసిన రాజీనామా లేఖ. భాష సరిచూసి పెట్టమని కోరారు. నాలుగు వాక్యాల ఆ లేఖలో కారణం 'కుటుంబ పరిస్థితులు' అని ఉంది. అసలు కారణం ఏమిటని అడిగితే కొంతసేపు తలవంచుకొని కూర్చున్నారు. ఆ తరువాత మెల్లగా, "వాడికి వహమ్ పట్టుకుంది సాబ్" అన్నారు.

కుమారుడి వయసు 28 ఏళ్ళు. బి.కాం. చదివి, గుంటూరులో ఒక మందుల హోల్‌సేల్ దుకాణంలో నాలుగేళ్ళుగా బిల్లుల పని చూస్తున్నాడు. లెక్కలో దిట్ట, నిజాయితీపరుడు. అయితే ఏడాదిగా అతని పని తెమలడం లేదు. టేపు వేసి మూసిన అట్టపెట్టెను మళ్ళీ విప్పి స్ట్రిప్పులు లెక్కపెడతాడు. తప్పు మందు వెళ్ళి ఎవరి ప్రాణానికైనా ముప్పు వస్తే ఆ పాపం తనదేనన్నది అతని భయం. రాత్రి దుకాణం మూశాక సగం దారి వచ్చి, షట్టర్ తాళం పడిందో లేదోనని వెనక్కి వెళతాడు. జుహర్ నమాజుకు తోటివారు పావుగంటలో వెళ్ళి వస్తే, అతను వుజూ చేసే కుళాయి దగ్గరే నలభై నిమిషాలు ఉండిపోతాడు. యజమాని పొమ్మనలేదు. సిగ్గుతో అతనే మానేయాలనుకున్నాడు.

"ముందు జబ్బు నయం కానివ్వండి. ఉద్యోగాలకేం, తరువాత చూసుకోవచ్చు" అన్నారు ఆ తండ్రి. నిజం చెప్పాలంటే ఆ క్షణాన మాకు కూడా ఆ మాట సబబుగానే తోచింది. లేఖలో రెండు అక్షరదోషాలు దిద్దాము కూడా. ఆ తరువాత, యజమానికి ఇచ్చేముందు ఒక్కసారి మానసిక వైద్యుణ్ణి కలవండని మాత్రం చెప్పి పంపాము. వైద్యుడు లేఖ ఇవ్వవద్దన్నారు. ఎందుకు వద్దన్నారో తెలుసుకునే ప్రయత్నంలోనే ఈ వ్యాసం రూపుదిద్దుకుంది.

ఈ వ్యాధి పేరు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. పొట్టిగా ఒ.సి.డి. అంటారు. మన ఇళ్ళలో దీన్ని వహమ్ అనో, వస్వసా అనో, ఇరుగుపొరుగు హిందూ సోదరులు చాదస్తమనో అంటూ ఉంటారు. చాదస్తానికీ దీనికీ పోలిక పైపైనే. చాదస్తపరుడికి తన పద్ధతి ముచ్చటగా ఉంటుంది. ఈ రోగికి తన పద్ధతి నరకంగా ఉంటుంది. తాను చేస్తున్నది అతి అని చాలావరకు అతనికి తెలుసు. తెలిసీ ఆపుకోలేడు. కోరకుండానే ఒక ఆలోచన మనసులో దూరుతుంది: చేయి మైలపడిందేమో, తాళం పడలేదేమో, లెక్క తప్పిందేమో. ఆ ఆలోచన పుట్టించే ఆందోళనను అణచడానికి కడగడం, చూడడం, లెక్కించడం, పక్కవారిని అడగడం మొదలవుతుంది. ఒక నిమిషం ఉపశమనం లభిస్తుంది. ఆ ఉపశమనమే ఉచ్చు. మళ్ళీ చూస్తేనే మనసు కుదుటపడుతుందని మెదడు నేర్చుకుంటుంది. రెండవసారి అనుమానం మరింత బలంగా వస్తుంది.

నూరుమందిలో ఇద్దరు ముగ్గురికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధి సోకుతుందని ప్రపంచవ్యాప్తంగా వైద్యుల అంచనా. సాధారణంగా కౌమారం చివర, ఇరవైలలో మొదలవుతుంది. అంటే చదువు ముగించి కొలువు వెదుక్కునే వయసులోనే. అది వృత్తిని బట్టి వేషం మారుస్తుంది. ఉపాధ్యాయురాలు దిద్దిన జవాబు పత్రాలనే అర్ధరాత్రి దాకా మళ్ళీ దిద్దుతుంది. దర్జీ వేసిన కుట్టు విప్పి మళ్ళీ వేస్తాడు. ఆటో నడిపేవాడు చక్రం గతుకులో పడితే మనిషిని గుద్దానేమోనని వెనక్కి తిరిగి వెళ్ళి రోడ్డంతా వెదుకుతాడు. కంప్యూటర్ ముందు కూర్చునేవాడు రెండు వాక్యాల ఈమెయిల్‌ను గంటసేపు చదువుతూనే ఉంటాడు. బయటివారికి వీరు నిదానస్తులుగానో, బద్ధకస్తులుగానో కనబడతారు. వాస్తవానికి ఆ కార్యాలయంలో అందరికన్నా ఎక్కువ శ్రమిస్తున్నది వారే.

విశ్వాసపరుల ఇళ్ళలో ఈ వ్యాధి తరచు వుజూ, నమాజుల మీద పడుతుంది. అప్పుడు కుటుంబం రెండు పొరపాట్లలో ఒకటి చేస్తుంది. అది భక్తి అనుకుని మెచ్చుకోవడం ఒకటి, విశ్వాసం బలహీనమైందని నిందించడం రెండవది. మన సంప్రదాయంలో ఈ రెండింటికీ జవాబు ఎప్పుడో ఉంది. నమాజులో ఉండగా వుజూ భంగమైందేమోనని సందేహం కలిగిన వ్యక్తి, శబ్దం వింటే గాని, వాసన పసిగడితే గాని నమాజు విడిచిపోరాదని దైవప్రవక్త (స) బోధించినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ఆయన (స) ఒక్క ముద్ నీటితో, అంటే సుమారు ముప్పావు లీటరుతో వుజూ చేసుకునేవారు. నిశ్చయమైనది సందేహంతో తొలగిపోదన్నది ఫిఖహ్ శాస్త్రపు మూలసూత్రాలలో ఒకటి. వస్వసాకు మందేమిటని అడిగినప్పుడు, దాన్ని పూర్తిగా పట్టించుకోకపోవడమేనని ఇబ్నె హజర్ హైతమీ గారు ఫత్వా ఇచ్చారు. అంతకు ఆరేడు శతాబ్దాల ముందే, బల్ఖ్ ప్రాంతపు పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ (850-934) శరీరానికీ మనసుకూ కలిసి రాసిన ఆరోగ్య గ్రంథంలో, ఈ వేధించే ఆలోచనలను దుఃఖం, భయం, కోపాల నుండి వేరుచేసి ప్రత్యేకమైన రుగ్మతగా చర్చించారు.

నేటి చికిత్స కూడా ఇదే దారిలో నడుస్తుంది. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనోవైజ్ఞానికుడు ప్రచురించిన పద్ధతి నేడు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అనే పేరుతో స్థిరపడింది. సులువైన మాటల్లో చెప్పాలంటే, అనుమానం పుట్టించే వస్తువుకు రోగి కొద్దికొద్దిగా ఎదురుపడాలి, కానీ కడగడమూ చూడడమూ చేయకూడదు. ఆందోళన తనంతట తానే పెరిగి, తనంతట తానే తగ్గడం అతను అనుభవంలో చూడాలి. దీనికి తోడు ఫ్లూవోక్సమిన్, సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు వాడతారు. వాటి ఫలితం తెలియడానికి పది పన్నెండు వారాలు పట్టవచ్చు. 'రెండు వారాలు సెలవు పెట్టి నయం చేసుకుని రా' అనే యజమానులు ఈ లెక్క తెలుసుకోవాలి. రమజాన్‌లో మందు మానేయవలసిన అవసరం లేదు. సహెరీ, ఇఫ్తార్ వేళలకు ఎలా మార్చుకోవాలో వైద్యుణ్ణే ముందుగా అడగాలి.

ఇక ఆ వైద్యుడు లేఖ ఎందుకు వద్దన్నారంటే, ఇల్లు ఈ వ్యాధికి దుకాణం కన్నా అనుకూలమైన చోటు. ఇంట్లో కుళాయికి గడియారం లేదు. పెట్టె ఇన్ని గంటలకు లారీ ఎక్కాలన్న ఒత్తిడి లేదు. "అమ్మీ, చేయి శుభ్రంగా ఉందా?" అని ఇరవైసార్లు అడిగితే ఇరవైసార్లూ "ఉంది బేటా" అనే తల్లి ఉంది. ఖాళీ సమయమంతా అనుమానం ఆక్రమించుకుంటుంది. పైగా ఉద్యోగం మానేసినవాడు ఒక సంవత్సరం తరువాత మళ్ళీ ఎక్కడికైనా వెళితే, ఆ ఖాళీ ఎందుకని అడుగుతారు. అప్పటికి ధైర్యం కూడా చచ్చిపోయి ఉంటుంది.

తీవ్ర మానసిక వ్యాధులున్న వారి విషయంలో అమెరికాలో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ 1990లలో రూపొందించిన ఒక ఉపాధి పద్ధతి ఉంది. పూర్వం ఏళ్ళ తరబడి శిక్షణ ఇచ్చి, కోలుకున్నాక ఉద్యోగంలో పెట్టేవారు. వీరు ఆ క్రమాన్ని తిరగవేశారు. ముందు నిజమైన ఉద్యోగం, ఆ తరువాత ఉద్యోగంలోనే నేర్పు, చికిత్స బృందపు తోడు. ఆ పద్ధతి మీద జరిగిన పరిశీలన ఎక్కువగా స్కిజోఫ్రీనియా వంటి వ్యాధుల గురించినదే అయినా, అందులోని తర్కం మన గుంటూరు యువకుడికి కూడా సరిపోతుందని మా అభిప్రాయం. వ్యాధి మరీ తీవ్రమై నిద్రాహారాలు కూడా కుదరని దశలో, ఆత్మహత్య తలంపులు వచ్చిన దశలో సెలవు తప్పనిసరి. అది వైద్యుడు నిర్ణయించవలసిన విషయం. ఆ సెలవుకు కూడా తిరిగి చేరే తేదీ ఉండాలి.

పనిలో ఉంచడమంటే ఎలా? ఇక్కడే చాలామంది దయగల యజమానులు, మిత్రులు దారి తప్పుతారు. 'పాపం, అతనికి లెక్కపెట్టే పని ఇవ్వకండి', 'తాళం నేనే వేస్తాలే', 'అంతా సరిగానే ఉంది భాయ్, నేను చూశానుగా' అనే మాటలన్నీ ప్రేమతో అన్నవే. కానీ ఇవన్నీ వ్యాధికి పెట్టే భోజనాలు. పక్కవాడు ఇచ్చే భరోసా కూడా చేయి కడగడం లాంటిదే. అది కాసేపు పనిచేస్తుంది, ఆ తరువాత మళ్ళీ కావాలి. మనిషికి సాయం చేయడం, అతని రోగానికి ఊడిగం చేయడం వేరువేరు. కుంటివాడికి చేతికర్ర ఇస్తాము. ఈ రోగికి ఇవ్వవలసిన చేతికర్ర ఒక హద్దు.

గుంటూరు దుకాణంలో ఆ హద్దు ఎలా గీశారో చెబుతాము. తండ్రీ కొడుకులు కలిసి యజమానిని కలిశారు. యజమాని మన మతస్థుడు కాదు, అరవై దాటిన వ్యాపారి. విషయం విని, "నాలుగేళ్ళలో నీ బిల్లు ఒక్కటి తిరిగి రాలేదు బాబూ. నిన్నెందుకు వదులుకుంటాను? ఏం చేయాలో చెప్పు" అన్నారట. వైద్యుడు ఫోనులో పది నిమిషాలు మాట్లాడారు. ప్రతి పెట్టెకూ ఒక చీటీ పెట్టారు. స్ట్రిప్పులు ఒకసారి లెక్కపెట్టి, చీటీ మీద సంతకం చేసి, టేపు వేయాలి. సంతకం పడిన పెట్టెను ఎవరూ విప్పరాదు. ఈ నియమం అతనొక్కడికే కాదు, గోదాములో అందరికీ. అందువల్ల అతన్ని వేలెత్తి చూపినట్లు కాలేదు. 'సరిగా ఉందా' అని అడిగితే తోటివారు ఒక్కసారే జవాబు చెప్పాలి. రెండవసారి అడిగితే "ఇందాకే చెప్పానన్నా" అని ఊరుకోవాలి. కోపం చేయరాదు, నవ్వరాదు. తాళం వేసే బాధ్యతను అతని నుండి తీసివేయలేదు. వారానికి మూడు రోజులు అతనే వేయాలి, వేసి వెనుదిరిగి చూడకుండా బస్సెక్కాలి. వారానికొక సాయంత్రం చికిత్స కోసం గంట ముందు పంపిస్తారు. ఆ గంటను మరునాడు ఉదయం సర్దుకుంటాడు.

వుజూ సంగతి యజమానికి తెలిసేది కాదు. అది మసీదు ఇమామ్ సాహెబ్ చూశారు. ఒక మగ్గు నీరు, అవయవానికి మూడుసార్లకు మించకూడదు, తరువాత సందేహం వచ్చినా నేరుగా జమాఅత్‌లో నిలబడాలి. అదే ప్రశ్నతో మళ్ళీ ఫోన్ చేస్తే జవాబు ఇవ్వనని ముందే చెప్పారు. ఇది మేము ప్రత్యేకంగా గుర్తుచేయదలచాము. మసలా అడగడం కూడా కొందరిలో ఒక రోగలక్షణంగా మారుతుంది. ఒకే ప్రశ్నను నలుగురు ఆలిములను అడిగి, ఐదవవారి కోసం వెదుకుతారు. అక్కడ దయ అంటే మౌనమే.

అన్నీ సాఫీగా సాగలేదు. మార్చి నెలాఖరున సంవత్సరాంతపు స్టాకు లెక్క వచ్చినప్పుడు అతను మళ్ళీ జారిపోయాడు. రెండు రాత్రులు గోదాములోనే ఉండి అలమరలన్నీ మూడుసార్లు లెక్కించాడు. ఒక తోటి ఉద్యోగి చీటీ పద్ధతిని ఎగతాళి చేశాడు. ఆ వారం తండ్రి మళ్ళీ రాజీనామా మాట ఎత్తారు. వైద్యుడు మందు మోతాదు సవరించి, స్టాకు లెక్కను ఇద్దరి మధ్య పంచమని సూచించారు. పని ఒత్తిడి పెరిగినప్పుడు, నిద్ర తగ్గినప్పుడు, ఇంట్లో పెళ్ళి గాని, ప్రసవం గాని ఉన్నప్పుడు ఈ వ్యాధి తల ఎత్తుతుంది. అంతమాత్రాన చికిత్స విఫలమైనట్లు కాదు.

యజమానికి చెప్పాలా, దాచాలా అన్న ప్రశ్న ప్రతి ఇంటికీ ఎదురవుతుంది. కొలువు పోతుందని, సంబంధాలు రావని దాస్తారు. అందరికీ చాటవలసిన పనిలేదు. అయితే నిర్ణయాధికారం ఉన్న ఒక్కరికైనా చెప్పకపోతే ఏ సర్దుబాటూ సాధ్యం కాదు. చెప్పేటప్పుడు రోగలక్షణాల చిట్టా విప్పడం కన్నా పని భాషలో చెప్పడం మేలు: 'నాకు ఒక ఆరోగ్య సమస్య ఉంది, చికిత్స జరుగుతోంది, ఈ రెండు మార్పులు చేస్తే నా పని ఇలా చేయగలను.' ఇక 'పెళ్ళి చేస్తే కుదురుతుంది' అని చెప్పకుండా నిఖా జరిపించే పెద్దలకు మేము ఒక్కటే అంటాము. అది ఆ అమ్మాయికి చేసే మోసం, ఆ అబ్బాయి నెత్తిన పెట్టే మరో బరువు.

స్త్రీల విషయం ఇంకా చీకటిలో ఉంది. కుట్టుపని చేసే సోదరి, చిన్న బడిలో పాఠాలు చెప్పే అమ్మాయి ఈ వ్యాధితో పని మానేస్తే ఎవరూ దాన్ని ఉద్యోగం పోవడంగా లెక్కించరు. 'ఇంట్లోనే ఉంటుందిలే' అంటారు. ఇంట్లో ఆమె రోజుకు నాలుగు గంటలు గిన్నెలే తోముతూ ఉంటే శుభ్రత తెలిసిన పిల్ల అని మెచ్చుకుంటారు. చేతుల చర్మం పగిలి రక్తం వచ్చేదాకా ఎవరికీ పట్టదు.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉంది. అది గుర్తించిన 21 వైకల్యాలలో మానసిక రుగ్మత ఒకటి. వైకల్య శాతాన్ని కొలిచే ఐడియాస్ అనే కొలబద్దను ఒ.సి.డి.కి కూడా వర్తింపజేస్తారు. అందులో స్వీయ సంరక్షణ, ఇతరులతో సంబంధాలు, మాట-అవగాహన, పని అనే నాలుగు అంశాలుంటాయి. తెలుగు రాష్ట్రాలలో సదరం శిబిరం ద్వారా ధ్రువపత్రం పొందవచ్చు. 40 శాతం, ఆ పైన ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతం కోటా ఉంది. అందులో 1 శాతాన్ని మానసిక రుగ్మత, ఆటిజం వంటి వర్గాలు కలిసి పంచుకుంటాయి. ప్రభుత్వ సంస్థలు వికలాంగ ఉద్యోగికి తగిన సర్దుబాట్లు చేయాలి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆరోగ్య బీమా సంస్థలు శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధుల చికిత్సకు కూడా బీమా కల్పించాలి.

ఈ హక్కులు కాగితానికే పరిమితం కావని ఒక తీర్పు నిరూపించింది. 2001లో సి.ఆర్.పి.ఎఫ్.లో చేరిన ఒక అధికారికి 2009లో ఒ.సి.డి. మొదలైంది. మరుసటి ఏడాది నుండే అతని మాటతీరు, ప్రవర్తనల మీద శాఖాపరమైన విచారణలు మొదలయ్యాయి. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2021 డిసెంబర్ 17న జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం ఆ విచారణను రద్దుచేసింది. ప్రవర్తనకు వైకల్యం ఒక కారణమైనా సరే చట్టరక్షణ వర్తిస్తుందని, ప్రస్తుత విధులకు తగడని తేలితే జీతభత్యాలు తగ్గకుండా వేరే కొలువు ఇవ్వాలని చెప్పింది. ఆయుధాలతో సంబంధం లేని పని అప్పగించే స్వేచ్ఛను శాఖకు ఇచ్చింది. ఉద్యోగి హక్కునూ, ఇతరుల భద్రతనూ రెంటినీ ఒకే తీర్పులో కాపాడిన తీరు గమనించదగినది. అయితే ఆ న్యాయం దొరకడానికి పదకొండేళ్ళు పట్టింది.

మన వాళ్ళలో అధికశాతం పనిచేసేది చిన్న దుకాణాలలో, వర్క్‌షాపులలో. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని చట్టం చెప్పినా, పదిమంది పనివారున్న గోదాములో అది గోడమీద కనబడదు. అక్కడ యజమానితో మాట్లాడిన పది నిమిషాలే చట్టం. ప్రభుత్వోద్యోగులు మాత్రం ధ్రువపత్రం విషయంలో వెనుకాడవద్దు. అన్యాయం జరిగితే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

చికిత్స కోసం హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఒ.సి.డి.కి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచనివారు టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ యువకుడు నేటికీ అదే దుకాణంలో ఉన్నాడు. అనుమానం పూర్తిగా పోలేదు. వుజూ పది నిమిషాలకు వచ్చింది. ఈ మధ్య ఆయన తండ్రి ఫోన్ చేసినప్పుడు మేము లేఖ సంగతి అడిగాము. ఇంట్లోనే ఉందని, దాని వెనుక వైపు ఖాళీగా ఉంటే కొడుకు నెల ఖర్చుల లెక్క రాసుకున్నాడని చెప్పారు. కూడికలో ఒకచోట కొట్టివేత ఉందట. దాన్ని అతను మళ్ళీ తిరగరాయలేదట.